కాపీ మిగలని ఆసుపత్రి: నిజామాబాద్ నుంచి మోస్రా దాకా

పోయిన ఫిబ్రవరిలో మూడు రోజులు నిజామాబాద్ జిల్లాలో తిరిగి వచ్చాను. మాది అనకాపల్లి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నా కామారెడ్డి దాటి ఎప్పుడూ పోలేదు. ఈసారి పోక తప్పలేదు. నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి కంప్యూటర్లన్నింటికీ ఎవరో దూరం నుంచే తాళం వేశారు. ఏడాది కిందట ఆ కంప్యూటర్లను పరీక్షించి, అన్నీ భద్రంగానే ఉన్నాయని సంతకం పెట్టింది నేను.

నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. సంస్థల కంప్యూటర్లలోకి దొంగలు దూరే దారులు వెతికి చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు ఏ ఆసుపత్రీ పనికొక కంప్యూటర్ కొనడం లేదు. ఒక పెద్ద యంత్రం కొని, సాఫ్ట్‌వేర్‌తో దాని లోపలే ఇరవై ముప్పై కంప్యూటర్లు తయారు చేసుకుంటుంది. ల్యాబ్‌కి ఒకటి, స్కానింగ్‌కి ఒకటి, మందుల షాపుకి ఒకటి. దేనికది విడి కంప్యూటర్ లాగే పనిచేస్తుంది. వాటి కాపీలు రోజూ క్లౌడ్‌లోకి, అంటే వేరే ఊళ్లో అద్దెకు తీసుకున్న యంత్రాల్లోకి పోతాయి. ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడ ఉంటాయని ధైర్యం. ఈ ఆసుపత్రిలో మాత్రం ఆ పెద్ద యంత్రానికీ క్లౌడ్‌లోని కాపీలకీ ఒకటే పాస్‌వర్డ్. అది దొరికినవాడు ముందు కాపీలు చెరిపేశాడు. తర్వాత పెద్ద యంత్రానికి తాళం బిగించేశాడు. లోపలున్న ఇరవై రెండు కంప్యూటర్లూ ఒక్కసారే ఆగిపోయాయి.

పరీక్ష చేసిన రోజు నేను హైదరాబాదులోనే కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. కాపీల పక్కన ఆకుపచ్చ గుర్తు కనిపించింది. "కాపీలు ఉన్నాయి" అని రాసుకున్నాను. ఒక్క కాపీనైనా వెనక్కి తెచ్చి చూపించమని అడగలేదు. రెండిటికీ ఒకటే పాస్‌వర్డా అని కూడా అడగలేదు.

నిజామాబాద్

బస్సులో నా పక్కన ముప్కాల్ అనే ఊరి రైతు కూర్చున్నాడు. పసుపు అమ్మకం మాట్లాడుకోవడానికి మార్కెట్ యార్డుకు పోతున్నాడు. పసుపు కొమ్ము తవ్వాక ఉడకబెట్టాలనీ, పదిహేను రోజులు ఎండబెట్టాలనీ, మధ్యలో ఒక్క వాన పడ్డా రంగు పోతుందనీ దారంతా చెప్పాడు. మా వైపు పసుపంటే డబ్బాలో ఉండే పొడే. అది ఒక కుటుంబానికి తొమ్మిది నెలల చాకిరీ అని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నా పనేమిటని అడిగితే, ఒక ఆసుపత్రి కంప్యూటర్లలో దొంగలు పడ్డారని చెప్పాను.

"ఏం ఎత్తుకపోయిండ్రు సార్?"

"ఏమీ ఎత్తుకుపోలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి. తాళం వేసి పోయారు."

"గిదేం దొంగతనం సార్? మా దిక్కు పొలాల కాడ మోటర్లు ఎత్తుకపోతరు. కొత్తది కొనుక్కోవాలె అని తెలుస్తది. గిదైతే ఏం కొనుక్కోవాలె?"

అంతలో యార్డు వచ్చిందని కండక్టరు కేకేశాడు.

యార్డు ముందు దిగి, పది రూపాయల చాయ్ తాగి ఆసుపత్రికి నడిచాను. గాలంతా పసుపు వాసన. దుమ్ము కూడా పచ్చగా ఉంది. ఆసుపత్రి వరండాలో మాత్రం కాగితాలు. పదేళ్ల కింద మానేసిన రిజిస్టర్లు మళ్లీ తీసి, పేర్లు చేత్తో రాస్తున్నారు.

కంప్యూటర్ల గదిలో రాజేందర్ ఉన్నాడు. ముప్పై రెండేళ్లుంటాయి, బోధన్ వాడు. ఆసుపత్రి మొత్తానికి కంప్యూటర్లు చూసేది అతనొక్కడే. గదిలో ఏసీ చల్లగా నడుస్తోంది. పెద్ద యంత్రం మీద దీపాలు వెలుగుతున్నాయి. తెర మీద, డబ్బు కడితేనే తాళం తీస్తామని ఇంగ్లిషులో నాలుగు వరసల బెదిరింపు. వాళ్లడిగింది ఇవ్వకూడదని యాజమాన్యం నేను రాకముందే తేల్చేసింది. ఇచ్చిన చోట కూడా అన్నీ తిరిగి రావని నాకు అనుభవమే.

సాయంత్రం దాకా ఇద్దరం వెతికాం. యంత్రంలో మిగిలిన ముక్కలు చూశాం. క్లౌడ్ కంపెనీకి ఫోన్ చేశాం. చెరిపిన కాపీల్ని కొన్నాళ్లు దాచి ఉంచే సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేసి ఉందా అని అడిగితే, లేదని చెప్పారు. దాన్ని ఆన్ చేయమని రాయాల్సింది కూడా నేనే.

"లోపలికి ఎట్లా వచ్చారో తెలిసిందా?" అని అడిగాను.

రాజేందర్ తల దించుకున్నాడు. "నా దారిలనే సార్. బిడ్డ పుట్టినప్పుడు ఇంటికాడి నుంచి పని జేస్తనని ఒక దారి పెట్టుకున్న గదా. గందులకెళ్లే వచ్చిండ్రు." నా వైపు చూడకుండా అన్నాడు. "మిమ్మల్ని అడిగిన సార్ అప్పుడు. దీనికి ఫోన్‌కు నంబర్ వచ్చే రెండో తాళం పెట్టాల్నా అని. తర్వాత సూద్దాం అన్నరు."

నాకు గుర్తుంది. పరీక్ష రోజు అతను అడిగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. నాలుగున్నరకు ఇంకో కంపెనీ కాల్ ఉంది. రిపోర్టులో ఆ విషయాన్ని "తక్కువ ప్రాధాన్యం" కింద పడేశాను.

కిందికి దిగాక ఎస్తేరు గారు పలకరించారు. రేడియేషన్ మిషన్ నడిపే ఆవిడ. మెథడిస్టు చర్చి దగ్గర వాళ్ల ఇల్లు. యాభై దాటి ఉంటారు. మిషన్ గదిలోకి తీసుకుపోయి గోడ చూపించారు. తెల్లటి జాలీ మాస్కులు పదకొండు వేలాడుతున్నాయి. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ఉన్నవాళ్ల మొహం కదలకుండా ఉండాలని, ఒక్కొక్కరి మొహం అచ్చు తీసి చేసినవి. ముక్కు, గడ్డం, కళ్ల గుంటలు తెలుస్తున్నాయి.

"వీళ్లందరికి నడుమల ఆగింది సార్" అన్నారు ఆవిడ. "రేడియేషన్ ఎన్ని దినాలు పెట్టినమో కార్డు మీద ఉన్నది. ఏ దిక్కు నుంచి పెట్టినం, ఎంత పెట్టినం, గదంత కంప్యూటర్ల ఉండె. గది లేకుంట మిషన్ నడవది. అందాజుగ పెట్టరాదు గదా."

పదిమందిని హైదరాబాద్ ఆసుపత్రికి పంపారు. అక్కడ మళ్లీ స్కాన్ చేసి, మిగిలిన రోజులు పూర్తి చేస్తారు. ఈ జబ్బులో మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది, ఆలస్యమైన ప్రతి రోజూ నష్టమే అని డాక్టరు చెప్పారట. పదకొండో మనిషి పోలేదు. మోస్రా నుంచి వచ్చే నర్సవ్వ. ముప్పై మూడు రోజుల్లో పందొమ్మిది అయ్యాయి. ఫోన్ ఎత్తడం లేదు. కంప్యూటర్లు ఆగి అప్పటికే పన్నెండు రోజులు.

బోధన్

రెండో రోజు పొద్దున రాజేందర్ మొహంలో కొంచెం కళ కనిపించింది. "సార్, బోధన్ క్లినిక్ల ఒక పాత కంప్యూటర్ ఉంటది" అన్నాడు. ఆసుపత్రికి బోధన్‌లో చిన్న శాఖ ఉంది. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు అక్కడ డాక్టరుకు చూపించుకుంటారని, రేడియేషన్ ఫైళ్ల కాపీ ఒకటి వారానికోసారి ఆ కంప్యూటర్‌కు పోయేట్టు అతనే ఎప్పుడో ఏర్పాటు చేశాడు. పెద్ద యంత్రం వచ్చాక దాన్ని మరిచిపోయాడు. "నేనైతే ఆపలే. నడుస్తనే ఉండొచ్చు."

ఇద్దరం బస్సెక్కాం. కిటికీలోంచి వరి. రెండో పంట యాసంగి నాట్లు పడి మడులన్నీ లేత పచ్చగా ఉన్నాయి. చక్కెర సీమ అని విన్నాను గనక చెరుకు కోసం చూస్తూనే ఉన్నాను. అక్కడొక మడి, ఇక్కడొక మడి తప్ప లేదు. బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పక్కనుంచి పోయాం. పొగ రాని గొట్టాలు, కంచె లోపల ముళ్లచెట్లు. మా అనకాపల్లి వైపు చెరుకు ఏ రైతుకు ఆ రైతు గానుగ ఆడి బెల్లం వండుకుంటాడు. ఒక పొయ్యి ఆరితే ఒక ఇల్లే చల్లబడుతుంది. ఇక్కడ తాలూకా అంతా ఒకే పొయ్యిని నమ్ముకుంది.

బజారులో సగం బేరాలు మరాఠీలో సాగుతున్నాయి. చెరుకు రసం బండి దగ్గర ఇరవై రూపాయలకు గ్లాసు తాగాం. చెరుకు ఏ ఊరిదని అడిగాను.

"మహారాష్ట్రది సార్" అన్నాడు బండాయన. "మా బాపు ఫ్యాక్టరీల పనిజేసిండు. నేను రసం అమ్ముత. చెర్కు మాత్రం అవుతలకెళ్లి రావాలె." అల్లం ముక్క ఇంకోటి మిషన్లో పెట్టి తిప్పాడు. రసం బాగుంది. పూర్తిగా తాగలేకపోయాను.

క్లినిక్‌లో నర్సు స్టోర్ రూమ్ తాళం తీసింది. సెలైన్ డబ్బాల వెనక ఆ కంప్యూటర్ ఉంది. రాజేందర్ చొక్కా చేతితో దుమ్ము తుడిచి, తీగలు కలిపి, ఆన్ చేశాడు. ఫ్యాన్ తిరిగింది. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తెర మీద తెల్ల అక్షరాల్లో, డిస్క్ ఖాళీ అని వచ్చింది.

మళ్లీ ఆపి ఆన్ చేశాడు. అదే మాట.

నర్సు గుర్తు చేసుకుని చెప్పింది. "మూడు నెలల కింద హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి ఏమో జేసిండు సార్. కాగితం గూడ ఇచ్చిండు." బీరువాలోంచి కాగితం తెచ్చింది. పాత కంప్యూటర్లో రోగుల వివరాలు అజాగ్రత్తగా పడి ఉన్నాయి కాబట్టి, భద్రతా పరీక్ష సిఫారసు మేరకు పూర్తిగా చెరిపివేయడమైనది. సిఫారసు నంబరు పద్నాలుగు: వాడని పాత కంప్యూటర్లన్నీ చెరిపేయాలి. నాది.

నా రిపోర్టులో మొత్తం ముప్పై ఒక్క సిఫారసులు. ఆసుపత్రివాళ్లు అక్షరాలా పాటించింది అదొక్కటే.

ఈ సంగతి ఎవరూ చెప్పని రాజేందర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తీగలు విప్పి, చుట్టి, ఎక్కడివక్కడ పెట్టి బయట అరుగు మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుంటే అన్నాడు. "నన్ను తీసేస్తరు సార్. గది తెలుసు. గని ఎస్తేరు సిస్టర్‌కు ఏం జెప్పాలె?"

ఆవిడకు నేను ఫోన్ చేశాను. విని, "సరే సార్" అన్నారు. తర్వాత ఇంకొక మాట. "నర్సవ్వ కాడికి ఎవరన్న పోతే బాగుండు."

రుద్రూర్ మీదుగా

మూడో రోజు బోధన్ నుంచి ఒక్కణ్నే బయల్దేరాను. మోస్రా పోయే బస్సు అనుకుని ఎక్కింది రుద్రూర్‌లో ఆగిపోయింది. తర్వాతి బస్సుకు గంటన్నర ఉందన్నారు. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం చుట్టుపక్కల మాత్రం చెరుకు కంటినిండా కనిపించింది. నిలబడి చూస్తుంటే తవుడు బస్తాలు వేసుకుపోతున్న ఆటో డ్రైవరు, "ఎటు సార్?" అని ఆపాడు. బస్తాల మీద కూర్చోమన్నాడు. వర్ని అనే ఊరు దాటేసరికి ప్యాంటు, చొక్కా, కనుబొమ్మలు అన్నీ తవుడే. మోస్రాలో దిగి ఎంతివ్వమంటావని అడిగితే, "బస్తాలకు కిరాయి వచ్చింది, మీ కాడేం తీసుకుంట" అని నవ్వి వెళ్లిపోయాడు. హైదరాబాదులో వాన పడితే రెట్టింపు అడిగే ఆటోలకు అలవాటుపడినవాణ్ని. ఆ మంచితనం ఆ రోజు నాకు భారంగా తోచింది. నేను ఎవరి ఇంటికి, ఏం చెప్పడానికి పోతున్నానో అతనికి తెలియదు.

మోస్రా

నర్సవ్వ ఇల్లు రేకుల ఇల్లు. రెండెకరాల వరి ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద బీడీలు చుడుతోంది. వేళ్లు తునికాకు మీద చకచకా ఆడుతున్నాయి. అరవైకి దగ్గరగా ఉంటుంది. కుడి దవడ కింద చర్మం కాలినట్టు నల్లగా కమిలి ఉంది. భర్త గంగారాం నులక మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టాడు.

ఆసుపత్రి నుంచి వచ్చానన్నాను.

"మిషన్ మంచిగైందా?" అంది. మాట ముద్దగా వస్తోంది. నోట్లో పుండు.

"కాలేదు అవ్వా. హైదరాబాదు ఆసుపత్రిలో మాట్లాడాం. మిగిలిన పద్నాలుగు రోజులు అక్కడ పెడతారు. వెంటనే పోవాలి."

ఆమె లేచింది. వద్దంటున్నా వినకుండా జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మేం గోంగూర అనేది దీన్నే. మా ఇంట్లో నూనె ఓడ్చి పచ్చడి చేస్తాం. ఇక్కడ పప్పుతో కలిపి మెత్తగా వండారు. తాను మాత్రం గ్లాసులో జావ పెట్టుకుంది. గుక్క గుక్కకీ కళ్లు మూసుకుని మింగింది. గంగారాం అటు తిరిగి కూర్చున్నాడు.

సగం రొట్టె మిగిల్చి చేయి కడుక్కున్నాక చెప్పాను. కాపీలు పోవడం, రెండో తాళం, బోధన్‌లో చెరిపించిన కంప్యూటర్, అన్నీ. ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి, "తప్పు నాది అవ్వా. నేను సరిగ్గా చూసి ఉంటే మీకు ఒక్క రోజు కూడా ఆగేది కాదు" అన్నాను.

చేతిలో బీడీకి దారం కట్టి, చాటలో పెట్టి, అప్పుడు మాట్లాడింది.

"పందొమ్మిది దినాలు పోయిన బిడ్డా. పొద్దుగాల్ల ఏడు గంటల బస్సుకు. నీళ్లు గుడ మింగరాకపోతుండె. బస్సుల నిలబడి పోయిన దినాలు ఉన్నయి. ఎస్తేరమ్మ జెప్పింది, ఒక్క దినం గుడ తప్పొద్దు, తప్పితే జేసిందంత ఖరాబైతదని. సంక్రాంతికి అత్తగారింటికెళ్లి బిడ్డె వచ్చినా ఇంట్ల ఉండలే, పోయిన. నేను తప్పలే." నా కళ్లల్లోకి చూసింది. గొంతులో కోపం లేదు. "మీరు తప్పిండ్రు."

గంగారాం అందుకున్నాడు. "పోదామే. సారు ఇంత దూరం వచ్చిండు."

"గా పట్నంల ఎవలున్నరు మనకు? నెలంత ఏడ పండాలె? దవాఖాన మెట్ల మీదనా?"

"మా ఇంట్లో ఉండండి" అన్నాను. నిజంగానే అన్నాను. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, లిఫ్ట్ ఉండదు. అయినా మళ్లీ అన్నాను. "నేనే రోజూ తీసుకుపోతాను అవ్వా. ఒక్క రోజూ తప్పను."

మెల్లగా తల ఊపింది. ఒప్పుకుందనుకున్నాను. చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"మల్ల మొకం అచ్చు తీయాలె. మల్ల స్కాన్ జెయ్యాలె. ఇగ నాతోని కాదు బిడ్డా. ఒక్కసారి మనసు గట్టి జేస్కొని పోయిన. గంత గట్టితనం మల్ల రాదు. మీ మిషన్ మంచిగైతే జెప్పుండ్రి, నిజామాబాద్‌కైతే వస్త."

రెండు గంటలు కూర్చున్నాను. ఎస్తేరు గారితో ఫోన్లో మాట్లాడించాను. డాక్టరుతో మాట్లాడించాను. ఆలస్యమైతే ఏమవుతుందో ఆయన మర్యాదగా, స్పష్టంగా చెప్పారు. ఆమె అన్నీ వింది. అన్నిటికీ "మంచిది సార్" అంది. లోపలికి పోయి నిద్రపోయింది. గంగారాం నన్ను రోడ్డు దాకా దింపుతూ, "రోజు అడుగుత సార్. వింటదేమో" అన్నాడు. అతనికీ నమ్మకం లేదని నడకలోనే తెలిసింది.

తిరిగొచ్చాక

హైదరాబాద్ చేరిన మర్నాడే రిపోర్టు రాశాను. రెండో తాళం గురించి రాజేందర్ అడిగాడనీ, నేను పక్కన పెట్టాననీ, పద్నాలుగో సిఫారసు రాసే ముందు ఆ పాత కంప్యూటర్లలో ఏముందో కనుక్కోలేదనీ రాశాను. మా మేనేజరు ఆ పేరా మొత్తం కొట్టేశాడు. దాని బదులు "స్థానిక సిబ్బంది నిర్లక్ష్యం" అని మూడు మాటలు వచ్చాయి. నేను ఒప్పుకోలేదు. సంతకం పెట్టలేదు. వేరే వాళ్లు పెట్టారు. కొట్టేసిన పేరాను ఆసుపత్రి యాజమాన్యానికి నా పేరుతో పంపాను. జవాబు రాలేదు. రాజేందర్‌ను తీసేశారు. ఫోన్ చేస్తే, "మీరు రాసిండ్రట, ఎస్తేరు సిస్టర్ జెప్పింది. థాంక్స్ సార్" అన్నాడు. బోధన్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుంటున్నాడట.

ఇప్పుడు ఏ సంస్థకు పోయినా ఒక కాపీ నా కళ్ల ముందు వెనక్కి తెచ్చి తెరిచి చూపించమంటాను. రెండు గంటల పని. చాదస్తమంటారు. పడతాను. ఇది చేస్తున్నందుకు నాకు తృప్తేమీ లేదు. ఆ రెండు గంటలు ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదు.

నర్సవ్వకు వారానికోసారి ఫోన్ చేసేవాణ్ని. గంగారామే ఎత్తేవాడు. "ఇంట్లనే ఉన్నది సార్" అనేవాడు. అంతే.

ఏప్రిల్లో నిజామాబాద్‌లో కొత్త యంత్రం పెట్టారు. రేడియేషన్ మిషన్ మళ్లీ నడుస్తోందని ఎస్తేరు గారు కబురు పంపగానే, నర్సవ్వ అన్న మాట ప్రకారం ఏడు గంటల బస్సుకే వచ్చిందట. డాక్టరు పరీక్ష చేశారు. గడ్డ మెడలోకి దిగింది. ఇక రేడియేషన్ కరెంటు పెట్టినా లాభం లేదని, నొప్పి తగ్గే మందు రాసిచ్చారు. బస్సు వచ్చేదాకా ఎస్తేరు గారు ఆమె పక్కనే బెంచీ మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పారు. "ఏమైనా అందా?" అని అడిగాను.

"మిమ్మల్ని అడిగింది సార్" అన్నారు. "గా తవుడు బట్టలతోని వచ్చిన సారు ఉండె గదా, మంచిగున్నడా, అప్పుడు అన్నం సరిగ తినలే, అన్నది. ఏం జెప్పమంటరు?"

బాగున్నానని చెప్పమన్నాను.